అరకులోయ యెవరిది?

విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తున, తూర్పు కనుమల నడుమ అరకులోయ యున్నది. శీతకాలమున పచ్చని వలిసెపూలను, దారిలోని బొఱ్ఱా గుహలను జూచుటకు యాత్రికులు వేలకొలదిగ నేగుచున్నారు. వారిని గొనిపోవు రైలుమార్గము వినోదార్థము పుట్టినది కాదు. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపుటకై 1960వ దశకమున నిర్మింపబడినది. బయటివారికి కొండలు చిరకాలము ఖనిజములుగనే కనబడినవి.

గిరిజనుల భూమి పరుల పాలుగాకుండ 1959 నాటి నిబంధనను 1970లో సవరించి కట్టుదిట్టము చేసిరి. అయినను బొఱ్ఱా ప్రాంతమున గనులకై భూములు గిరిజనేతరులకు కౌలున కీయబడెను. ‘సమత’ సంస్థ న్యాయస్థానముల కెక్కగా, ఆ నిషేధము ప్రభుత్వమునకును వర్తించునని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ నేల విలువ యెట్టిదో గిరిజనుల కాఫీతోటలే చాటుచున్నవి; అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను.

పొరుగువాడు గట్టును జానెడు జరిపినచో పల్లపుసీమ రైతు కచ్చేరి కెక్కును. కొండరైతు హక్కు అంతకు తీసిపోవునదా? యాత్రికులకు మా మనవి యొక్కటే: కంచె లేకున్నను వలిసెచేనునకు యజమాని గలడు.