తరగతిలో పుట్టిన ప్రశ్న

గణాంకశాస్త్రం అనగానే మనలో చాలమందికి జనాభా లెక్కల పట్టికలు, పంట దిగుబడుల అంకెలు మాత్రమే స్ఫురిస్తాయి. అంకెలు కూర్చడం గుమాస్తా పని. చూచిన కొంచెమునుండి చూడని యావత్తును గురించి ఎంత ధైర్యంగా చెప్పవచ్చునో తేల్చడం శాస్త్రం పని. ఈ రెండవ పనికి కొలత ఏర్పరచిన మహనీయులలో తెలుగువారొకరున్నారు. వారు ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకమంతటా శాస్త్రజ్ఞులు ఆయనను సి. ఆర్. రావు అనే ఎరుగుదురు.

ఆయన 1920 సెప్టెంబరు 10వ తేదీన నాటి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా హడగలిలో జన్మించారు. ఎనిమిదవ సంతానం కావడంచేత, దేవకీదేవి అష్టమగర్భాన్ని తలచుకొని కృష్ణుని పేరు పెట్టుకున్నారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆయన బదిలీల వెంట పిల్లవాని చదువు కూడ గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి విశాఖపట్నం చేరింది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినం తెల్లవారుజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చుండబెట్టేవారు. దాదాపు డెబ్బదియేండ్ల వయస్సులో వెలువరించిన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథాన్ని రావుగారు ఆ దీపాన్ని స్మరిస్తూ తల్లికి అంకితం చేశారు.

విశాఖలో గణితం అభ్యసించి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనా, దరఖాస్తు ఆలస్యమై పరిశోధక వేతనం దక్కలేదు. అది యుద్ధకాలం. సైన్యంలో గణితజ్ఞుని ఉద్యోగం ఉన్నదని విని కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగమూ రాలేదు. రాకపోవడమే మేలైనది! ఆ నగరంలో పరిచయమైన ఒక యువకుడు గణాంకశాస్త్రంలో శిక్షణ పొందుతూ ఉండెను. అతనివల్ల ప్రశాంతచంద్ర మహలనోబిస్ నెలకొల్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. 1941 జనవరి 1వ తేదీన రావుగారు అందులో చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయంనుండి ఎం.ఏ. పట్టం పొంది, అచిరకాలంలోనే అక్కడ పాఠం చెప్పసాగారు.

1944లో ఒకనాటి పాఠం అంచనాలను గురించినది. బెంగాలులో జనపనార పంట ఎంత పండిందో తెలియవలెనంటే పొలాలన్నీ కోసి తూచలేము. కొన్ని పొలాలను మచ్చుగా ఎంచి, వాటి దిగుబడినిబట్టి దేశపు దిగుబడిని ఊహించవలసి ఉంటుంది. ఊహలో దోషం తప్పదు. ఆ దోషం ఎంతవరకు తగ్గగలదు? ఇంగ్లండులోని రోనాల్డ్ ఫిషర్ దీనికి ఒక సమాధానం చెప్పి ఉన్నారు. కాని ఆ సమాధానం మచ్చు అపరిమితంగా పెరుగుతూ పోయినప్పుడే వర్తిస్తుంది. రావుగారు దానిని నిరూపించి చూపుతూ ఉండగా వి. ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి, మచ్చు పరిమితమైనదైనప్పుడు కూడ ఇటువంటి ఫలితం ఉన్నదా అని అడిగాడు.

ఏ గ్రంథంలోను దానికి జవాబు లేదు. పాఠ్యప్రణాళికలో లేని ప్రశ్న అని త్రోసివేయడానికి ఉపాధ్యాయునికి ఎంత చక్కని అవకాశం! ఇరువదినాలుగేండ్లైనా నిండని రావుగారు ఆ ప్రశ్నను ఇంటికి తీసుకొనిపోయి, దాదాపు రాత్రి అంతా మేలుకొని, మరునాటికి సమాధానం సాధించారు. మచ్చులో ఇమిడి ఉన్న సమాచారానికి ఒక కొలత ఉన్నది. పక్షపాతం లేని ఏ అంచనాలోనైనా చలనం ఆ కొలతకు విలోమంకంటె తక్కువ కాజాలదు. అనగా గణకుడు ఎంతటి నేర్పరియైనా దాటలేని గట్టు ఒకటి ఉన్నదన్నమాట. ఈ గట్టు ఎక్కడ ఉన్నదో తెలిసినవాడు తన అంచనా ఇంకా బాగుపడగలదో లేదో చెప్పగలడు.

ఈ సిద్ధాంతం 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో వెలువడింది. స్వీడన్ దేశీయుడు హెరాల్డ్ క్రామెర్ కూడ స్వతంత్రంగా దీనిని కనుగొనడంచేత నేడు ‘క్రామెర్–రావు అవధి’ అంటున్నారు. ఆ వ్యాసంలోనే, మచ్చులోని సమాచారాన్ని పూర్తిగా వాడుకొని ముతక అంచనాను మెరుగుపరచే విధానమూ ఉన్నది. అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో దానినే సాధించారు. సమాచార జ్యామితికి బీజం కూడ అందులోనిదే.

1946లో కేంబ్రిడ్జికి వెళ్లి, సూడానులోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన పురాతన మానవుల అస్థిపంజరాల కొలతలను పరిశీలిస్తూనే, ఫిషర్ వద్ద 1948లో డాక్టరు పట్టం పొందారు. తిరిగివచ్చి కలకత్తా సంస్థలో దీర్ఘకాలం ఆచార్యులుగా ఉన్నారు. ఆ కాలంలో అక్కడ పెరిగినవారే వరదరాజన్, పార్థసారథి, రంగారావు, వరదన్. వీరిలో వరదన్‌కు 2007లో ఆబెల్ బహుమానం లభించింది. తరువాత రావుగారు అమెరికా వెళ్లి పిట్స్‌బర్గులోను, పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలోను బోధించారు. 2001లో పద్మవిభూషణ బిరుదం వచ్చింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట ఒక పరిశోధనాలయం వెలసింది. 1945 నాటి వ్యాసానికి గాను అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానం 2023లో, ఆయన 102వ ఏట అందింది. ఆ సంవత్సరమే ఆగస్టు 22న కన్ను మూశారు.

అవధికి పేరు పెట్టినవారు దాండేకరును మరచినా రావుగారు మరువలేదు. తన శోధనకు మూలం ఆ విద్యార్థి ప్రశ్నయే అని పేరు చెప్పి చాటారు. దాండేకర్ తరువాత పూనాలో గొప్ప అర్థశాస్త్రవేత్త అయ్యారు. మహలనోబిస్ చొరవతో 1950లో ప్రారంభమైన జాతీయ మచ్చు సర్వే కుటుంబాల ఖర్చులను సేకరించింది. ఆ లెక్కలు ఆధారంగా, నీలకంఠ రథ్‌తో కలిసి దాండేకర్ 1971లో భారతదేశపు దారిద్ర్యాన్ని గురించి ఒక గ్రంథం ప్రకటించారు. 1960–61లో గ్రామీణులలో నూటికి సుమారు 40 మందికి, పట్టణవాసులలో సుమారు 50 మందికి చాలినంత ఆహారం కొనుక్కొనే శక్తి లేదని అందులో తేల్చారు.