హార్వర్డ్ కొండ కింద కుక్కరు కూత

మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో వేసవి సెలవుల లెక్క అందరికీ తెలిసిందే. ఒక ఏడు ఇండియా, ఒక ఏడు ఓర్లాండో. దేశం నుంచి అమ్మానాన్నలు వస్తే నయాగరా, దారిలో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి. మిగిలిన ఏడు కన్వెన్షను. ఈ వరసలో "క్యాంపింగు" అనే మాట తెస్తే ఎదుటివాళ్ళు మనకేసి అదోలా చూస్తారు. "ఇంత చదువు చదివి, ఇంత ఇల్లు కొనుక్కుని, నేల మీద పడుకోడానికి ఎనిమిది వందల మైళ్ళు పోవాలా డాక్టరు గారూ?" అని వినాయకచవితి నాడు మా ఇంట్లో ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పులిహోర చల్లారిపోయేలోగా చెప్పగలిగే జవాబు కాదు కనక ఇక్కడ రాస్తున్నాను.

క్యాంపింగులో రకాలున్నాయి. కరెంటు, వేడినీళ్ళు, ఈతకొలను ఉన్న ప్రైవేటు క్యాంపు గ్రౌండులు ఒక రకం. నేషనల్ పార్కుల్లో నంబరు వేసిన స్థలం, బల్ల, కుళాయి ఉండేవి రెండో రకం. వాటికోసం నెలల ముందే కంప్యూటరు దగ్గర కాపు కాయాలి. మూడో రకం ఒకటుంది. దాన్ని "డిస్పర్స్‌డ్ క్యాంపింగ్" అంటారు. చెట్ల మధ్య ఎక్కడో ఒకచోట చెదురుగా దిగిపోవడం అన్నమాట. బల్ల లేదు, కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు, చెత్తబుట్ట లేదు, పక్క టెంటు లేదు. రిజర్వేషనూ, రుసుమూ కూడా చాలాచోట్ల ఉండవు. నేను చెప్పబోయేది దీని గురించే.

ఇది కుదిరేది ఎక్కువగా నేషనల్ ఫారెస్టుల్లో. పార్కు వేరు, ఫారెస్టు వేరు. పార్కులు ఇంటీరియర్ శాఖవి. ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్‌వి. అక్కడ కలప కొడతారు, పశువుల్ని మేపుతారు, వేటాడతారు, మనబోటివాళ్ళు టెంటు వేసుకుంటారు. మొత్తం 19 కోట్ల 30 లక్షల ఎకరాలు. 2014కి ముందున్న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లాంటివి దాదాపు మూడు పడతాయి. ఇందులో చాలాచోట్ల, మరోలా బోర్డు పెట్టి ఉంటే తప్ప, సాధారణంగా 14 రోజుల వరకు ఎవరినీ అడక్కుండా ఉండొచ్చు. ఇరవై ఏళ్ళుగా పన్ను కడుతున్నా ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

మేము వెళ్ళింది కొలరాడోలోని శాన్ ఇసబెల్ నేషనల్ ఫారెస్టుకి. బ్యూనా విస్టా అనే చిన్న ఊరుంది. స్పానిష్ తెలిసినవాళ్ళు "బ్వేనా" అంటారు గానీ ఊరివాళ్ళే "బ్యూనా" అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. దానికి పడమర పద్నాలుగు వేల అడుగులు దాటిన కొండలు బారులు తీరి ఉంటాయి. వాటి పేర్లు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా, ఆక్స్‌ఫర్డ్! 1869లో ప్రొఫెసర్ జొసాయా విట్నీ హార్వర్డ్ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని కొలతలు తీయడానికి వచ్చి, ఎత్తయినదానికి హార్వర్డ్ అనీ, పక్కదానికి తను చదువుకున్న యేల్ పేరూ పెట్టాడు. మిగతా కాలేజీలు తర్వాత చేరాయి. మన పిల్లల్ని ఎక్కడికి ఎక్కించాలని రాత్రింబవళ్ళు తపిస్తున్నామో అవన్నీ ఒకేచోట, శాట్ స్కోరు అడక్కుండా నిలబడి ఉన్నాయి. మా ఆవిడని ఒప్పించడానికి ఈ ఒక్క ముక్క సరిపోయింది.

ఆ శ్రేణి దక్షిణపు కొసన మరికొన్ని పేర్లు కనిపిస్తాయి. యాంటెరో, షవానో, టాబెగ్వాచ్. ఇవి అక్కడుండిన యూట్ జాతి నాయకులవీ, తెగవీ. 1881లో ఆ తెగ జనాన్ని యూటాకి తరలించేశారు. కాలేజీల పేర్లకి నవ్విన పిల్లలు ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు.

రెండు కుటుంబాలం బయల్దేరాం. మేము నలుగురం, ఇంజనీరు మిత్రుడి ఇంట్లో నలుగురు, పైగా వేసవికి వచ్చిన మా అమ్మ. మేముండేది డల్లాస్‌లో, సముద్రమట్టానికి నాలుగైదు వందల అడుగుల ఎత్తు. టెంటు వేసే చోటు 9,800. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో నూటికి డెబ్భై వంతులు. అంటే పీల్చే ప్రతి శ్వాసలోనూ ఆక్సిజను ఆ మేరకు తక్కువే. అందుకని మొదటి రాత్రి ప్యూబ్లోలో, రెండో రాత్రి బ్యూనా విస్టాలో మోటల్లో ఉండి, మూడో రోజు హార్వర్డ్, యేల్ కొండల మధ్య లోయలోకి మట్టిరోడ్డు పట్టాం. అమ్మని బయల్దేరేముందే మా కార్డియాలజిస్టు మిత్రుడికి చూపించాను.

కారు దిగగానే అమ్మ అడిగిన మొదటి మాట: "ఎవరిదిరా ఈ జాగా? అడగొద్దా?"

ఎవరిదీ కాదమ్మా, అందరిదీ అన్నాను. ఆవిడకి నచ్చలేదు. అమ్మది నర్సీపట్నం దగ్గర పల్లె. అడవి అంటే గార్డు, గార్డు అంటే భయం. నెత్తిన కట్టెలమోపుతో వచ్చే ఆడవాళ్ళని నిలబెట్టి ఏం గుంజుకునేవాడో చిన్నప్పుడు కళ్ళారా చూసింది. అక్కడికి దగ్గర్లోని కృష్ణదేవిపేట, చింతపల్లి పోలీసు స్టేషన్ల మీదే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మన్యం వాళ్ళ పోడునీ, మేతనీ, కట్టెపుల్లనీ నేరం చేసి పెట్టడం ఆ పితూరీకి ఒక ముఖ్య కారణం. ఆ నేల మీద పెరిగిన మనిషికి "అడవిలో ఎండుపుల్లలు ఏరుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు" అంటే కొడుకు పరాచికాలాడుతున్నాడు అనిపించడంలో వింతేముంది?

ఆ సాయంత్రమే ఆకుపచ్చ పంట్లాం, బ్యాడ్జీతో ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగిని ఒకామె వచ్చింది. అమ్మ చేతిలో పుల్లలు కింద పడేసి నా వెనక్కి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి, పాతవాళ్ళు పేర్చిన రాళ్ళ పొయ్యినే వాడుతున్నామా, కొత్తది పెట్టామా అని చూసింది. బకెట్లో నీళ్ళు, పార ఉన్నాయా అని అడిగింది. మధ్యాహ్నాలు ఉరుములొస్తాయి, పన్నెండు లోపల చెట్లున్న ఎత్తుకి దిగిపొమ్మంది. పుల్లలు నేల మీద రాలినవే ఏరుకోవాలి, చెట్టు మీది కొమ్మ ఎండినదైనా విరవకూడదు అని అమ్మకేసి నవ్వుతూ చెప్పి వెళ్ళిపోయింది.

"అంతేనా? ఏమీ అడగలేదే!" అంది అమ్మ. తర్వాత మూడు రోజులూ ఆవిడే మా కట్టెల శాఖ. ఏ పుల్ల తేమగా ఉందో విరిచిన చప్పుడుని బట్టి చెప్పేది. మా అమ్మాయి ఆ విద్య నేర్చుకుంది. యూట్యూబ్ చూసి వచ్చిన మిత్రుడు నేర్చుకోలేదు.

మంట సంగతి ఆ ఉద్యోగిని ఊరికే అడగలేదు. పక్కనున్న పైక్ ఫారెస్టులో 2002లో ఒక మనిషి చేతి మంట లక్షా ముప్ఫై ఏడు వేల పైచిలుకు ఎకరాలు తినేసింది. వానల్లేని ఏడు ఆంక్షలు పెడతారు. మొదటి దశ ఆంక్షల్లోనే ఇలాంటి విడి చోట్ల నిప్పు నిషేధం, మీట తిప్పి ఆర్పే గ్యాసు పొయ్యి ఒక్కటే చెల్లుతుంది. మేం వెళ్ళిన వారం వానలు పడ్డాయి కాబట్టి రాత్రిళ్ళు చలిమంట దక్కింది. పడుకునేముందు నీళ్ళు పోసి, కలిపి, చెయ్యి పెట్టి చూసి చల్లగా తగిలితేనే ఆరినట్టు లెక్క.

ఇక వంట. మన ఆడవాళ్ళకీ, వంటొచ్చిన మగవాళ్ళకీ ముఖ్యంగా చెప్పవలసింది ఇదే. ఆ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల సెంటిగ్రేడుకే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. గిన్నెలో వండిన అన్నం పైకి మెత్తగా, లోపల పలుకుగా ఉంటుంది. కందిపప్పు గంటైనా మనల్ని చూసి నవ్వుతూ ఉంటుంది. పక్క లోయలో కనబడ్డ అమెరికన్ దంపతులు పొడి ఆహారం ప్యాకెట్లో వేడినీళ్ళు పోసుకుని తింటున్నారు. మేం ప్రెషర్ కుక్కరు దించాం! కుక్కరు తన ఒత్తిడిని బయటి ఒత్తిడికి కలుపుతుంది కనక లోపల వేడి 116 దాకా వెళుతుంది. మన ఊళ్ళో అయితే 121. అంచేత ఇంట్లో మూడు కూతలకి అయ్యే పప్పు అక్కడ ఐదు కూతలకి అయింది. ఆ కూత లోయంతా మోగేసరికి ఆ దంపతులు ఏదైనా ప్రమాదమా అని కంగారుగా వచ్చి, ముద్దపప్పు, ఆవకాయ తిని వెళ్ళారు.

వాగు నీళ్ళు అద్దంలా ఉంటాయి. "పారే నీటికి దోషం లేదు" అని అమ్మ దోసిలి పట్టబోయింది. దోషం ఉంది. జియార్డియా అనే సూక్ష్మజీవి అంత చల్లటి నీళ్ళలోనూ బతుకుతుంది. లక్షణాలు ఇంటికెళ్ళిన వారం, రెండు వారాలకి బయటపడతాయి కనక వాగు మీద అనుమానమే రాదు. ఒక మైక్రాను, అంతకన్నా సన్నటి ఫిల్టరు వాడాలి, లేదా మరిగించాలి. 6,500 అడుగులు దాటితే మూడు నిమిషాలు తెర్లాలి.

అందరూ మనసులో అడుగుతూ, పైకి అడగని ప్రశ్నకి కూడా జవాబు చెబుతాను. నీటికి, దారికి, టెంటుకి 200 అడుగుల దూరం, అంటే ఓ డెబ్భై అంగలు వెళ్ళి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి తీసి, పని కానిచ్చి పూడ్చెయ్యాలి. కాగితం పూడ్చకుండా సంచిలో మూటగట్టి వెనక్కి తేవాలి. ఇక్కడ మన చెంబు ముందు అమెరికా నాగరికత దిగదుడుపే. మూటగట్టేదేమీ ఉండదు! కార్పెట్ల మీద పుట్టి పెరిగిన పిల్లలు మొదటి రోజు మొహం మాడ్చుకున్నారు. రెండో రోజుకి పార కోసం పోటీ పడ్డారు.

ఇప్పుడు రెండో రాత్రి సంగతి. మిత్రుడి పెద్దబ్బాయికి పదహారేళ్ళు, స్కూలు సాకర్ జట్టులో ఆడతాడు. సాయంత్రం నుంచి తలనొప్పి అన్నాడు. నొప్పి మాత్ర వేశాను, తగ్గలేదు. అన్నం వద్దన్నాడు. పదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి వాంతి. దీన్ని అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ అంటారు. ఎనిమిది వేల అడుగులు దాటితే ఎవరికైనా రావచ్చు. కుర్రతనం, కసరత్తు దీన్ని ఆపలేవు. మా అమ్మ గురకపెట్టి నిద్రపోతోంది, ఆటగాడు వంగిపోయాడు.

పుల్లతో నేల మీద గీత గీసి, మడమకి బొటనవేలు ఆనించి నడవమన్నాను. తిన్నగానే నడిచాడు. అడుగు తడబడినా, మాట తికమకపడినా మెదడులో వాపు మొదలైందనుకోవాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెండిట్లో ఏదొచ్చినా ప్రాణం మీదికి వస్తుంది. అవేవీ లేవు. కానీ మందు వేసినా తగ్గట్లేదు, పెరుగుతోంది. కిందకి దిగాలన్నాను.

"ఇప్పుడా? ఈ చీకట్లో, ఈ రోడ్డు మీదా? పొద్దున్న చూద్దాం గురూ" అన్నాడు మిత్రుడు. అతని బాధ నాకు తెలుసు. ఆర్నెల్లుగా వేసుకున్న ప్లాను, పొద్దున్నే కొడుకుతో కొండెక్కాలని ఆశ. పైగా ఆ రోడ్డు నిజంగానే గతుకులమయం. ఫోనుకి సిగ్నలు లేదు. పొద్దుటికి తగ్గే అవకాశమూ ఉంది, చాలామందికి తగ్గుతుంది కూడా. తగ్గకపోతే మాత్రం నడవలేని పిల్లవాణ్ణి మోసుకుని అదే రోడ్డు మీద దిగాలి. "తిన్నగా నడుస్తున్నాడు కనకే ఇప్పుడు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాననుకుంటాను, అతను మరి మాట్లాడలేదు. నేనూ, అతనూ, పిల్లాడూ బయల్దేరాం. మా ఆవిడా, వాళ్ళావిడా మిగతావాళ్ళతో ఉన్నారు.

బ్యూనా విస్టా 7,965 అడుగులు. దిగింది పద్దెనిమిది వందలే, కానీ ఈ జబ్బుకి అది పెద్ద మందు. ఊరి చివర కారు ఆపి, సీటు వాల్చి పడుకోబెట్టాం. గంటకోసారి లేపి పేరు, తారీఖు అడిగాను. మూడోసారి "అంకుల్, లెట్ మి స్లీప్" అని విసుక్కున్నాడు. డాక్టరుకి అంతకన్నా తియ్యటి మాట ఉండదు. తెల్లారేసరికి తలనొప్పి సగానికి తగ్గి, ఎనిమిదింటికి ప్యాన్‌కేకులు అడిగాడు. ఆ తండ్రీకొడుకులు మిగతా రాత్రులు ఊళ్ళోనే పడుకుని పగలు మా దగ్గరికి వచ్చిపోయారు. మిత్రుడు ఒక పూట నాతో ముభావంగా ఉన్నాడు. మర్నాడు కుక్కరు దింపుతూ తనే పలకరించాడు.

వెళ్ళదలిచినవాళ్ళు మెల్లగా ఎక్కండి, మొదటి రెండు రోజులూ మద్యం మానండి. ఎసెటజొలమైడ్ అనే మందు ఎక్కే ముందురోజు నుంచి వేసుకుంటే ఈ జబ్బు చాలావరకు రాకుండా ఉంటుంది. సల్ఫా మందులు పడనివాళ్ళూ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళూ తమ డాక్టర్ని అడక్కుండా ఏదీ చెయ్యకండి. ఏ రోడ్డు మీద కారు వెళ్ళొచ్చో చూపే మ్యాపు రేంజరు ఆఫీసులో ఉచితంగా ఇస్తారు. రద్దీ పెరిగిన చోట్ల ఈమధ్య నంబరు వేసిన స్థలాల్లోనే దిగమంటున్నారు కాబట్టి అక్కడే అడిగి తెలుసుకోండి. ఎలుగుబంట్లున్నాయి, నల్లవి. ఆవకాయ జాడీ, టూత్‌పేస్టు, పోపుడబ్బా అన్నీ రాత్రి కారులో పెట్టి తాళం వెయ్యాలి. తాళం వెయ్యని కారు తలుపు తియ్యడం వాటికి వచ్చు. ఇంగువ వాసన వాటికి నచ్చుతుందో లేదో పరీక్షించే ధైర్యం నాకు లేకపోయింది.

బయల్దేరే రోజు పిల్లలు చెత్త ఏరారు. కరివేపాకు, నిమ్మతొక్కలతో సహా మాది ఒక సంచి అయింది. మాకు ముందు దిగినవాళ్ళు వదిలిన సీసామూతలు, రేకులు, సగం కాలిన కుర్చీ కలిపి ఇంకో సంచి. రెండూ కారు పైన కట్టుకుని ఊళ్ళోకి దిగుతుంటే, అమ్మ వెనక సీట్లోంచి "ఒరే, ఆ ఎండుపుల్లల కట్ట ఏం చేశావ్?" అంది. తర్వాత వచ్చేవాళ్ళకి పొయ్యి పక్కనే పెట్టి వచ్చానని చెప్పాను.