రైలు దాటాకే రికార్డు

పాపా, మన మణవాళనగర్‌లో ఫోను మాట్లాడుతుంటే రైలు వస్తుంది, కాసేపు ఆగుతాం కదా! 1923 ఏప్రిల్‌లో అమెరికాలోని రిచ్‌మండ్ ఊళ్ళో కింగ్ ఆలివర్ జాజ్ బృందానికీ అదే తిప్పలు. జెనెట్ కంపెనీ స్టూడియో పట్టాల పక్కనే ఉండేది. బండి దాటిపోతేనే రికార్డింగు.

ఆలివర్ వాద్యం కార్నెట్. ట్రంపెట్ జాతిదే, కాస్త పొట్టిది. న్యూ ఆర్లీన్స్‌లో పేరు తెచ్చుకుని షికాగో చేరిన పెద్దాయన. పక్కన రెండో కార్నెట్ 21 ఏళ్ళ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్.

అప్పటికి అక్కడ మైకు లేదు. అందరూ ఒక పెద్ద గరాటు ముందు నిలబడి వాయించాలి. గరాటు సన్న చివర పల్చటి పొర, దానికో సూది. శబ్దం పొరను ఊపితే, తిరుగుతున్న మైనపు పళ్ళెం మీద సూది గీత చెక్కుతుంది. వాళ్ళ ఊపిరి బలమే ఆ గీత! తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పెద్ద డ్రమ్ము మోగితే సూది ఎగిరిపోతుందని డ్రమ్మరు బేబీ డాడ్స్ చెక్క దిమ్మెల మీద తాళం వేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదితేనేమో గురువు ఆలివర్‌గారి కార్నెట్ వినబడదు. తగ్గించడానికి మీట లేదు కనుక మనిషినే బాగా వెనక్కి పంపారని పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత చెప్పింది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్ద తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గదిలో గోడలు కొంత తిప్పికొడతాయి కనుక అంత తగ్గదు గానీ, పని జరిగింది.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదుడులో ఆ జోరు ఎక్కణ్ణుంచంటావా? తిరుత్తణి గుడిలో నాదస్వరం చూశావుగా, ఊదే చోట ఉండే సీవాళి రెండు రేకులూ కొట్టుకుంటూ ఊపిరిని ముక్కలు చేస్తాయి. కార్నెట్‌లో, ట్రంపెట్‌లో ఆ పని వాయించేవాడి పెదాలది. నాదస్వరానికి మీటలు లేవు, స్వరాలు పలికించే రంధ్రాలు ఏడే. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారు ఆ ఏడింటితోనే గమకాలన్నీ పలికించారు, వేళ్ళ ఒరపుతో, ఊపిరి అదుపుతో. 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు. ట్రంపెట్‌కు మూడు మీటలున్నా, ఒకే మీట మీద అనేక స్వరాలు తీసేది పెదాల బిగువే.

రిచ్‌మండ్‌లో ఆ 1923 ఏప్రిల్‌లోనే రికార్డయిన ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’లో ఆలివర్ కార్నెట్ మూతికి అడ్డు పెట్టి, మూస్తూ తెరుస్తూ వాయించాడు. మూస్తే సన్నటి పై నాదాలు లోపలే అణిగిపోతాయి, తెరిస్తే బయటికొస్తాయి. ‘వావా’ అన్నప్పుడు మన నోరు చేసేదీ అదే. అందుకే ఆ లోహపు గొట్టం మాట్లాడుతున్నట్టుంటుంది. తర్వాతి తరాల ట్రంపెట్ కళాకారులు ఎందరో ఆ సోలోను విని విని స్వరం స్వరం నేర్చుకున్నారు.