బడి మీద సిమెంటు రేకు: ముప్పు ఎందుకు? దించడం ఎలా?

"రేకుల కింద కూర్చునే కదా మేమంతా చదువుకున్నది, మాకేమైంది?" అని అడిగే పెద్దమనిషి పేరెంట్స్ కమిటీల్లో ఒకరుంటారు. అడగాల్సిన ప్రశ్నే. చెక్కు చెదరని రేకు కింద కూర్చున్నవాళ్లకు ముప్పు చాలా తక్కువ. దాన్ని కోసినప్పుడు, కన్నం పొడిచినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ముతోనే అసలు పేచీ.

సిమెంటు రేకులో ఎక్కువ పాలు సిమెంటూ, బొగ్గు బూడిదా. తెల్ల రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, పదోవంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రేకుకు బిగువిచ్చేది అదే. సిమెంటు పట్టి ఉంచినంత కాలం ఆ నార కదలదు. రంపం పెడితే ఊడి వస్తుంది, నిలువునా చీలి కంటికి ఆనని పోగులవుతుంది, గంటల తరబడి గాల్లో తేలుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు చేరిన పోగు కరగదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సరు, వాటి పైపొరకు వచ్చే మెసోథీలియోమా దీనివల్ల వస్తాయి. తెల్లదైనా, నీలిదైనా రాతినార ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. జబ్బు బయటపడేది ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు. ఆ పెద్దమనిషి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. పదేళ్ల పిల్లకైతే ముందున్న ఏళ్లు మరీ ఎక్కువ.

మరి ఇన్ని రేకులు ఎందుకు వేశారు? వేసినవాళ్లను తప్పుపట్టలేం. తాటాకు కప్పు ఎండాకాలంలో అంటుకుంటే వీధి వీధీ బుగ్గి. ఇనపరేకు మచిలీపట్నం, నాగాయలంక వైపు ఉప్పుగాలికి ఇట్టే తుప్పు పడుతుంది. సిమెంటు రేకుకు తుప్పు లేదు, ధరా తక్కువ. హైదరాబాదులో 1946లో మొదలైన కంపెనీ తయారుచేసిన చార్మినార్ రేకు ఇంటింటి పేరయింది. పులివెందుల దగ్గర రాతినార గనులే ఉండేవి. తవ్వకం ఆగిపోయినా రష్యా లాంటి దేశాల నుంచి సరుకు దిగుతూనే ఉంది. యాభైకి పైగా దేశాలు నిషేధించినా ఇక్కడ రేకు కొట్లో దొరుకుతుంది.

బడుల్లో ఇవి కనిపించేది వంటషెడ్డు మీద, సైకిల్ స్టాండు మీద, విజయవాడ ప్రైవేటు బళ్లలో మేడపైన అదనంగా లేపిన గదుల మీద. వీటిలో వంటషెడ్డును ముందు చూడాలి. మంట సెగ బాగా తగిలితే ఈ రేకు పేలి ముక్కలవుతుంది.

రేకులో రాతినార ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కచ్చితంగా చెప్పేది మైక్రోస్కోపే. రాతినార లేని సిమెంటు రేకులూ ఇప్పుడు వస్తున్నాయి కాబట్టి బిల్లు ఉంటే వెతకండి. బిల్లు లేని పాత బూడిదరంగు రేకైతే ఉందనే లెక్కేసుకోవాలి. విరిగిన అంచును ఎండలో పట్టి చూస్తే తెల్లటి నూగు కనిపించవచ్చు. గోకి మాత్రం చూడొద్దు.

తీసేదాకా చేయగలిగింది చాలా ఉంది. ఫ్యాను కొక్కెం కోసం రేకుకు కన్నం వేయకూడదు. నాచును ఇనప బ్రష్‌తో గీకకూడదు. పైకెక్కి నడవకూడదు, రేకు విరిగి కిందపడితే ప్రాణం అప్పుడే పోతుంది. రాలిన పొడిని ఆయమ్మ చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో అద్ది తీయాలి. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం బడుల్లో మూడేళ్లకోసారి తనిఖీ చేస్తారు. తుపానులు తాకే మన కృష్ణా డెల్టాకు అది చాలదు. వానలకు ముందొకసారి, తుపానులయ్యాక ఒకసారి, ఏ గది మీద ఏ రేకు పగిలిందో హెడ్మాస్టరు ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలి. ఇక్కడ తుపాను దాకా కూడా అక్కర్లేదు, కొబ్బరికాయ రాలితే చాలు. పడిన ముక్కలను తడిపి, ఆ తడి ఆరకముందే ఏరాలి. లేకపోతే అవి తొక్కుడుబిళ్ల ఆటలో బిళ్లలవుతాయి.

దించడం ఎలా? సెలవుల్లో, పిల్లలు లేనప్పుడు. కాస్త సబ్బు కలిపిన నీళ్లు మెల్లగా చల్లి రేకును తడపాలి. పైపుతో జోరుగా కొడితే పోగులు లేస్తాయి. హుక్ బోల్టులు విప్పి రేకును ముక్కలు కానీయకుండా చేతికందించుకుని దించాలి, కిందికి విసరకూడదు. బోల్టు పట్టేసిందని రేకును బద్దలుకొట్టే మేస్త్రీని అక్కడే ఆపాలి. ఆయన ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఈ పోగుల్ని ఆపదు. మంచి మాస్కు ఇవ్వాల్సింది పని చేయించేవాళ్లే. పనిలో వేసుకున్న బట్టలు ఇంటికి వెళ్లకూడదు.

దించినవాటిని మందపాటి పాలిథీన్‌లో చుట్టి, టేపు వేసి, పైన హెచ్చరిక రాయాలి. ఇక్కడే అందరూ జారిపోతారు. పాత రేకు కోళ్లగూటికి పోతుంది, కాలవ మీద మూతవుతుంది, నలగ్గొట్టి గుంటలో పోస్తే బాటవుతుంది. ఆ బాట మీద సైకిళ్లు నడిచిన కొద్దీ అది దుమ్మే. ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే స్థలం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. అవనిగడ్డ బడి నాలుగు రేకుల కోసం అంత దూరం లారీ పెట్టుకోలేదు. మండలంలోని బడులన్నిటి కట్టలూ ఒకచోట చేర్చి, లారీ నిండాక ఒకేసారి పంపే బాధ్యత విద్యాశాఖే తీసుకోవాలని నా అభిప్రాయం. అందాకా ఆ కట్టలు తాళం వేసిన గదిలో ఉండాలి. పాత సామాన్లవాడు ఎంత ధర చెప్పినా ఇవ్వొద్దు.