మీకు తెలుసా? కలిదిండి పేజీ వెనక ఒక మూస

2022 ఏప్రిల్ 4న కలిదిండి మండలం కృష్ణా జిల్లా నుంచి కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఇలాంటి మార్పు జరిగితే తెలుగు వికీపీడియాలో ప్రతి ఊరి పేజీనీ తిరగరాయాలా? మొత్తం అక్కర్లేదు. పేజీలో కుడిపక్కన ఉండే సమాచారపెట్టెకు, అడుగున ఉండే పట్టికలకు రూపమిచ్చేది వేరేచోట భద్రంగా ఉన్న ‘మూస’. ఊరి పేజీ దాన్ని పేరుపెట్టి పిలుస్తుంది, అంతే. మూసలో ఉన్న మాటను ఒక్కసారి దిద్దితే చాలు, దాన్ని వాడుకునే పేజీలన్నిటిలోనూ మారిపోతుంది.

ఈ మూసలను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను రాసింది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో. తమాషా ఏమిటంటే, రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన ఆ పీహెచ్‌పీయే, పేజీ రూపాన్ని రాసే హెచ్‌టీఎంఎల్ మధ్యలో ప్రోగ్రాం ఇరికించే అలవాటును లోకమంతా పాకించింది! అలా రెండూ కలగలిసిన ఫైల్లో రంగు మార్చబోయిన డిజైనర్ చెయ్యి జారి ఒక్క బ్రాకెట్ చెరిగిందా, పేజీ తెరుచుకోదు.

మూసలకూ ఆ జబ్బు అంటుకుంది. ‘ఇలా ఉంటే అలా చూపించు’ అనే షరతులు చేరిచేరి, అవి ఫ్లవర్ బ్రాకెట్ల అడవులయ్యాయి. చదవడమే కష్టం, ఇక దిద్దేదెవరు? అందుకే 2013లో వికీపీడియాల్లోకి లువా ప్రోగ్రామింగ్ భాషను తెచ్చారు. అది 1993లో బ్రెజిల్‌లో పుట్టింది. షరతులు, లెక్కలు లువాలో రాసే ‘మాడ్యూల్’ అనే వేరే పేజీలోకి వెళ్లాయి, రూపం మూసలో మిగిలింది. పూర్తిగా విడిపోయాయని మాత్రం అనలేం: సమాచారపెట్టెను తయారుచేసే మాడ్యూల్ హెచ్‌టీఎంఎల్‌ను ఇప్పటికీ తన లువా కోడ్‌లోనే అల్లుతుంది.