సముద్రపుటొడ్డున విద్యార్థి



మన గ్రామములనుండి ఎందరో పిల్లలు చదువునిమిత్తము విదేశములకు పోవుచున్నారు. సాగనంపునప్పుడు పెద్దలు తిండినిగూర్చియు, చలినిగూర్చియు, సొమ్మునుగూర్చియు హెచ్చరింతురు. సముద్రమునుగూర్చి హెచ్చరించువారు తక్కువ. ఆస్ట్రేలియాదేశమున సిడ్నీనగరములో చదువుకొన్న కాలమున ఆ లోపము నాకు బాగుగా తెలిసివచ్చినది. నేడు ఆ సంగతియే మనవి చేయుదును.

సిడ్నీకి తూర్పున పసిఫిక్ మహాసముద్రము. మా విశ్వవిద్యాలయమునుండి నడచిపోదగిన దూరమున కూజీ యను తీరము కలదు. అచ్చట నలుగురము కలిసి రెండుగదుల ఇల్లు అద్దెకు తీసికొంటిమి. అద్దె వారమునకింతయని లెక్క. నాలుగు వారముల అద్దెకు మించని ధరావతు ముందుగా కట్టవలెను; ఆ సొమ్ము ప్రభుత్వశాఖవారియొద్ద నిలువయుండును. ఉప్పుగాలికి తాళములు త్రుప్పుపట్టెడివి, ఆరవేసిన బట్టలు చెమ్మగిలెడివి. మనకు సంక్రాంతిచలి కాలమున వారికి మండువేసవి. మధ్యాహ్నసూర్యుడు ఉత్తరపువైపున నుండును. కాని మన తూర్పుతీరమునవలెనే ఉదయమున సముద్రమునుండియే లేచును. అది చూచినప్పుడు మాత్రము పరదేశమను భావము కొంత తగ్గెడిది.

ఈ మార్పులకు నెలదినములలో అలవాటుపడితిని. సముద్రమునకు అలవాటుపడుట వేరు. నాకు ఈత వచ్చును. మా ఊరి దిగుడుబావిలో, నడుమునకు ఎండు సొరబుర్ర కట్టి మా తాతగారు నేర్పిరి. ఆ ధైర్యముతో ఒక ఆదివారమున పొరుగుననున్న మారూబ్రా తీరమున నీటిలోనికి దిగితిని. అంతటను కెరటములు పెద్దగా విరుగుచుండగా ఒకచోట మాత్రము నీరు నిమ్మళముగా, ముదురురంగున కానవచ్చెను. చెరువునందు నిలుకడనీరు మేలుగదా యని అచ్చటనే దిగితిని. కొన్ని క్షణములలో కాళ్లకు నేల అందలేదు. ఒడ్డువైపునకు ఎంత ఈదినను ఒడ్డు దూరమగుచునే యుండెను. చేతులు సోలిపోయినవి. అంతలో ఒక తీరరక్షకుడు పలకపై వచ్చి నన్ను చేర్చుకొనెను. గట్టెక్కినపిమ్మట ఆయన అడిగినది ఒక్కటే: "జెండాల నడుమ ఏల దిగలేదు?" ఎరుపుపసుపు జెండాలను నేను చూడకపోలేదు. ఏదో పందెమునకు పాతినవనుకొంటిని.

అయ్యా, జరిగినదేమన: కెరటములు ఒకదానివెంట నొకటి నీటిని ఒడ్డునకు త్రోయును. ఆ నీరు తిరిగి లోనికి పోకతప్పదు. ఇసుకతిన్నెల నడుమ పల్లపుదారి దొరికినచోట చేరి, కాలువవలె సముద్రములోనికి పారును. పొలమున గట్టు తెగినచోటికి నీరంతయు పరుగెత్తుట మీరెరిగినదే, ఇదియు అట్టిదే. దీనిని వారు రిప్ అందురు. అచ్చట లోతెక్కువ గనుక కెరటములు అంతగా విరుగవు. అందుచే నెమ్మదిగా కనబడును. మోసమంతయు అందే యున్నది.

ఈ ప్రవాహము మనిషిని అడుగునకు లాగదు, దూరముగా మోసికొనిపోవును. దానికెదురీది అలసిపోవుటయే ప్రాణాపాయము. చిక్కినవాడు బెదరక నీటిపై తేలుచు, చేయెత్తి సహాయము కోరవలెను. ఓపికయున్నచో తీరమునకు సమముగా, ప్రక్కకు ఈది, కెరటములు విరుగుచోటినుండి ఒడ్డునకు రావలెను.

తీరరక్షకులు ప్రతిదినము నీటిని పరిశీలించి, దిగదగినచోట ఆ రెండు జెండాలు పాతుదురు. వీరిలో పెక్కుమంది జీతము లేని స్వచ్ఛందసేవకులు. 1907లో సిడ్నీప్రాంతపు రక్షకసంఘములు ఏకమైనవి. 1938 ఫిబ్రవరి 6వ తేదీన బాండై తీరమున పెనుకెరటములు వరుసగా వచ్చి వందలకొలది జనమును లోనికి ఈడ్చినవి. పందెమునకై చేరిన రక్షకులు అనేకులు అచ్చటనే యుండుటచే సుమారు 250 మందిని కాపాడగలిగిరి, ఐదుగురు మరణించిరి. ఆ దినమును వారు నల్ల ఆదివారమని నేటికిని చెప్పుకొందురు.

ఆ పిమ్మట నేను సముద్రమును విడువలేదు. కూజీయొద్ద రాళ్లనడుమ సముద్రపునీరు నిలుచునట్లు కట్టిన స్నానవాటికలు కలవు. వానిలో ఒకటి 1907నాటిది. అందు ఈదుచు, కెరటముల నడకను గట్టునుండి గమనించుచు, మెల్లగా నేర్చితిని. నీటిలో దిగుటకు ముందు పది నిమిషములు నిలిచి చూచుట నాకు అలవాటైనది. జెండాలు లేనిచోట దిగుట మానితిని. ఒంటరిగా దిగుటయు మానితిని.

మన బాపట్ల, విశాఖ తీరములందును నీటి స్వభావము ఇదియే. కనుక బావియీత వచ్చినవానికి సముద్రమును వచ్చుననుకొనరాదు. మీ మనుమలు పయనమగునప్పుడు ఊరగాయజాడీతోపాటు ఈ ఒక్కమాట కట్టియిండు: "నాయనా, జెండాల నడుమనే దిగుము, నీరు లాగినచో పోరాడక, తేలుచు చేయెత్తుము." ఆ మాట బరువు లేనిది, అవసరమైననాడు ప్రాణమును మోయును.

సెలవు.