కోపంగా చూడటం వేరు, కోపంగా కనిపించడం వేరు

ఇంగ్లిష్ విశేషణాల గురించి బడిలో అందరూ నేర్చుకునే సూత్రం ఒకటే: నామవాచకాన్ని వర్ణించేది యాడ్జెక్టివ్, క్రియను వర్ణించేది యాడ్వర్బ్, మొదటిదాని చివర ‘లీ’ చేరిస్తే రెండోది వస్తుంది. పరీక్షలో ఖాళీలు పూరించడానికి ఇది చాలు. కానీ మనవాళ్లు నిజంగా తడబడే చోట ఆ ‘లీ’ దారి చూపదు సరికదా, దారి తప్పిస్తుంది. ఎందుకంటే ఆ తడబాటుకు మూలం ఇంగ్లిష్ ప్రత్యయంలో లేదు, మన తెలుగు వాక్యం నడకలో ఉంది.

‘అతను కోపంగా కనిపించాడు’, ‘అతను నావైపు కోపంగా చూశాడు’ అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ ‘కోపంగా’ అనే అంటాం. నామవాచకం ముందైతే ‘అందమైన ఇల్లు’, క్రియ ముందైతే ‘అందంగా ఉంది’, ‘అందంగా రాసింది’. అంటే మాట ఎక్కడ నిలబడిందన్నదే తెలుగుకు ముఖ్యం. ‘గా’ పుట్టింది ‘అగు’ ధాతువు నుంచి. అందుకే అది మనిషి స్థితినీ, పని జరిగిన తీరునూ ఒకే సులువుతో చెప్పగలదు. ఇంగ్లిష్ మాత్రం ఆ మాట ఎవరిని వర్ణిస్తోందని అడుగుతుంది. కోపం మనిషిలో కనబడిందంటే ‘హి లుక్డ్ యాంగ్రీ’. ఆ చూపులోనే కోపం ఉందంటే ‘హి లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’. క్రియ ఒకటే, మారింది దాని పని. మొదటి వాక్యంలో ‘లుక్డ్’ తీసి ‘వాజ్’ పెట్టినా అర్థం చెక్కుచెదరదు. రెండో దాంట్లో పెడితే వాక్యమే కూలిపోతుంది. ఫీల్, స్మెల్, టేస్ట్, సౌండ్ వంటి క్రియలన్నిటికీ ఈ పరీక్ష పనికొస్తుంది. కూర రుచిగా ఉందనడానికి ‘టేస్ట్స్ గుడ్’ అనాలి, ‘టేస్ట్స్ వెల్’ అనకూడదు. ‘ద డాగ్ స్మెల్స్ బ్యాడ్’ అంటే కుక్క కంపు కొడుతోందని; ‘స్మెల్స్ బ్యాడ్లీ’ అంటే దానికి వాసన పసిగట్టడం సరిగ్గా రాదని.

అలాగైతే తెలుగువాళ్లెవరూ ‘షి ఈజ్ బ్యూటిఫుల్లీ’ అనరు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ‘ఈజ్’ వాక్యాలు చిన్న తరగతుల నుంచే నోట నానుతాయి కాబట్టి అక్కడ పొరపాటు రాదు. అలవాటు ఆదుకోని క్రియల దగ్గరే ‘గా’ స్థానంలో ‘లీ’ వచ్చి కూర్చుంటుంది. బాధగా ఉందని చెప్పడానికి ‘ఐ ఫీల్ బ్యాడ్లీ’ అనడం ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారిలోనూ వినిపిస్తుంది. వాళ్లకు ‘గా’ లేదు. క్రియ పక్కన ‘లీ’ ఉండాలని బడిలో పడిన భయమే వాళ్లచేత అలా అనిపిస్తుంది. సూత్రం అసంపూర్ణమని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

‘లీ’ని గుడ్డిగా నమ్మితే వచ్చే నష్టాలు ఇంకా ఉన్నాయి. ఫ్రెండ్లీ, లోన్లీ, లవ్లీ చివర ‘లీ’ ఉన్నా అవి విశేషణాలే. ‘ఫాస్ట్‌లీ’ అనే మాట వాడుకలో లేదు, ‘ఫాస్ట్’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. ‘లేట్’ ఆలస్యం, ‘లేట్లీ’ ఈమధ్య. అన్నిటికన్నా ప్రమాదం ‘హార్డ్’తో. ఉద్యోగ దరఖాస్తులో కష్టపడి పనిచేశానని చెప్పబోయి ‘ఐ హార్డ్లీ వర్క్‌డ్’ అని రాస్తే, పని చేయనే లేదన్నంత అర్థం వస్తుంది. భావం అందితే చాలు, వ్యాకరణం ఎందుకనేవారికి ఈ ఒక్క వాక్యం చూపిస్తే సరిపోతుంది.

ఇంగ్లిష్‌వాళ్లే ‘డ్రైవ్ స్లో’ అని బోర్డులు పెడతారు, 1997లో యాపిల్ సంస్థ ‘థింక్ డిఫరెంట్’ అని ప్రకటించింది, మనకెందుకీ పట్టింపు అనేది మరో అభ్యంతరం. ‘లీ’ లేనంత మాత్రాన అవి తప్పులు కావు. పాత ఇంగ్లిష్‌లో చాలా క్రియావిశేషణాల చివర ‘ఎ’ అనే అచ్చు ఉండేది. అది అరిగిపోయాక హార్డ్, ఫాస్ట్ వంటి మాటలు విశేషణాల రూపంలోనే మిగిలాయి. 1762లో తన వ్యాకరణ పుస్తకంలో రాబర్ట్ లౌత్ విశేషణాలను ఇలా వాడటాన్ని తప్పుపట్టాడు, షేక్‌స్పియర్‌నూ వదల్లేదు. అయినా ఆ మాటల్లో కొన్ని నిలిచాయి. స్లో వాటిలో చేరుతుంది. బ్యూటిఫుల్, కేర్‌ఫుల్ చేరవు. ఇక యాపిల్ నినాదంలోని ‘డిఫరెంట్’ను స్టీవ్ జాబ్స్ నామవాచకంగానే ఉద్దేశించాడు: ఎలా ఆలోచించాలన్నది కాదు, దేని గురించి ఆలోచించాలన్నది. అక్కడ కూడా తేల్చాల్సింది ‘లీ’ ఉందా లేదా అన్నది కాదు, ఆ మాట దేనికి చెందుతుందన్నదే.